ఖాలా గడియారం, గోడ మీది తేదీ

మా ఖాలా పోయింది. పోయిన వారం మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద ఒరిగింది, మళ్ళీ లేవలేదు. ఆదోనిలో మేము ఉండే మిద్దె కింది ఇల్లు ఆమెది. మరణం నమోదు చేసే కాగితంలో సమయం అని ఒక గడి ఉంటుంది. ఆమె తమ్ముడి కోడలు ఆ కాగితం పట్టుకొని పైకి వచ్చి, "ఎన్ని గంటలకని రాయాల అక్కా? మేమెవరమూ సూడలేదు" అని ఏడ్చింది. నేనూ చూడలేదు. ముప్పై ఏళ్ళ పాటు తన చేతుల మీద పుట్టిన ప్రతి బిడ్డకూ నిమిషంతో సహా సమయం రాసిన మనిషి పోయేటప్పుడు, గడియారం వైపు చూసినవాళ్ళు ఇంట్లో ఒక్కరూ లేరు. చివరికి రెండు గంటలని రాయించాం. అది ఉజ్జాయింపని మా ఇద్దరికీ తెలుసు. ఖాలాకు తెలిస్తే ఇద్దరినీ నిలబెట్టి తిట్టేది.

ఆమెను వీధిలో అందరూ ఖాలా, అంటే చిన్నమ్మ, అనే పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. చుట్టరికం ఏమీ లేదు. మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివి, హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఇంట్లోంచే ప్రోగ్రాములు రాస్తాను. మా ఆయనకు ఆదోనిలో జిన్నింగు మిల్లులో ఉద్యోగం కాబట్టి ఇక్కడ కాపురం. ఖాలా ఈ ఊళ్ళో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆ ఆసుపత్రి మూతపడి చాలా కాలమైంది. ఆమెకు పిల్లలు లేరు, భర్త ఎప్పుడో పోయాడు. తమ్ముడి కొడుకు, కోడలితో కింద ఉండేది.

ఎవరి గురించి అడిగినా పేరు కన్నా ముందు పుట్టిన గంట చెప్పేది. "ఆ మటన్ కొట్టోడా? మూడుంబావుకు పుట్టినోడు. కాళ్ళు ముందొచ్చినాయి. ఇప్పటికీ అంతే, వాడివన్నీ తలకిందులే" అనేది. కూరగాయల బండి అమ్మాయిని పొద్దున్నే ఆపి, "ఏం అమ్మీ, ఆరూ పది, వంకాయలు లేతవేనా?" అని పలకరించేది. ఆ అమ్మాయికి పేరు కన్నా అదే అలవాటైపోయి, "లేతవే ఖాలా, తీసుకో" అనేది.

నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా ఊరు అడగలేదు, కులం అడగలేదు. "ఎన్నింటికి పుట్టినావు?" అంది. "వీధిలో పడుగు పరిసే యాళకు అంటాది మా అమ్మ" అన్నాను. పడుగంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు. ఎండ ముదరక ముందే వాటిని వీధి పొడవునా పరిచి సరిచేస్తారు, ఆ పనికి తెల్లవారుజామునే లేస్తారు. ఖాలా మూతి విరిచింది. "అది టైమా బేటీ? పడుగుకేం తెలుసు మినిట్లు" అంది.

గడియారం కుడిచేతికి, ముఖం లోపలి వైపుకు వచ్చేట్టు పెట్టుకునేది. చేతుల్లో బిడ్డ ఉన్నప్పుడు మణికట్టు తిప్పకుండా కనబడాలని ఆ అలవాటు చేసుకుందట. రిటైరయ్యాక ఆ చేతిలో టీ గ్లాసు ఉండేది, గడియారం మాత్రం లోపలి వైపే. "ముందు ఏడుపు, తర్వాత గడియారం" అని ఆమె మాట. బిడ్డ ఏడ్చేదాకా టైము చూడకూడదు, ఏడ్చాక చూడకుండా ఉండకూడదు. కొత్తగా వచ్చిన నర్సులకు ఇదే మొదటి పాఠమని చెప్పేది. నాకు ఆమె చెప్పిన మాటల్లో ఎక్కువ సార్లు పనికొచ్చింది ఇదే. ఏదైనా తప్పు కనబడగానే గాభరాపడి అంకెల మీద పడేదాన్ని. ముందు ఏమి జరిగిందో వినాలని నాకు ఆలస్యంగా తెలిసింది.

నా పనిలో ఎక్కువ భాగం తేదీలతోనే. తేదీలో ఏముంటుంది, అని మీరు అనుకోవచ్చు. మనకు తేదీ తేదీయే. కంప్యూటరుకు మాత్రం అది ఒక అంకె, ఫలానా రోజు నుంచి ఎన్ని రోజులైందన్న లెక్క. ఆ మొదటి రోజు ఒక సాఫ్టువేరుకు ఒకటి, ఇంకోదానికి ఇంకొకటి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు ఏమరుపాటుగా ఉంటే, ముసలివాళ్ళు ఇంకా పుట్టని వాళ్ళవుతారు. ఇది కాక, రోజు ముందా నెల ముందా అన్న తగువు ఒకటుంది. మనం రోజు ముందు రాస్తాం. నెల ముందు రాసే దేశాలున్నాయి. నాలుగో నెల ఏడో తేదీ అని మనం రాస్తే, నెల ముందు చదివే సాఫ్టువేరు ఏడో నెల నాలుగో తేదీ అని చదువుకొని చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. పదమూడో తేదీ వస్తే మాత్రం, పదమూడో నెల లేదు కాబట్టి, గడి ఖాళీగా వదిలేస్తుంది. ఇది ఖాలాకు వివరిస్తే పొట్ట పట్టుకొని నవ్వింది.

"పన్నెండు దాకా అబద్దం, పదమూడు నుంచి మౌనం. అచ్చం నా మొగుడే బేటీ!"

సాయంత్రం నాలుగింటికి బొరుగుల ఉగ్గాని గిన్నె పట్టుకొని మెట్లెక్కి వచ్చేది. మోకాళ్ళ నొప్పులు, మధ్య మెట్టు మీద ఆగి ఊపిరి పీల్చుకునేది. "ఈ పొద్దు నీ మిషను ఏమంటాంది?" అని అడుగుతూనే లోపలికి వచ్చేది. పదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నా పని ఎలా ఉందని రోజూ అడిగిన మనిషి ఆమె ఒక్కతే. ఎక్కువ రోజులు నా జవాబు ఒకటే, అలిసిపోయినా ఖాలా అని.

పోయిన ఎండాకాలంలో, ఆమె పనిచేసిన ఆసుపత్రి రిజిస్టర్లే నా దగ్గరకు వచ్చాయి. కొందరు డాక్టర్లు కర్నూలు పడమటి పల్లెల్లో ఆ కాలంలో పుట్టిన పిల్లల గురించి పరిశోధన చేస్తున్నారు. పాత రిజిస్టర్లను ఫొటోలు తీయించి, టైపు చేయించి మా కంపెనీకి ఇచ్చారు. తెలుగు చదవగలదు, ఆదోనిలోనే ఉంది, అని మా టీం లీడరు నాకు అప్పగించాడు. మొదటి ఫొటో తెరవగానే ఆ గుండ్రటి అక్షరాలను గుర్తుపట్టాను. మా నీళ్ళ మోటారు స్విచ్చి పక్కన "ఆపేది మరవద్దు" అని అంటించిన కాగితం మీద ఉన్నవి అవే అక్షరాలు. ఖాలాను పిలిచి చూపించాను. తెరకు ముక్కు ఆనించి ఒక్కో వరసా చదువుకుంది. "ఇంకా ఉన్నాయా ఇవి!" అని మాత్రం అంది. ఆ రోజు ఉగ్గాని చల్లారిపోయింది.

రిజిస్టరులో తల్లి ఊరు, బిడ్డ పుట్టిన తేదీ, సమయం, డాక్టరమ్మ ఆ బిడ్డను మొదటిసారి చూసిన తేదీ, సమయం, ఇంటికి పోయిన తేదీ, లేదా చనిపోయిన తేదీ ఉన్నాయి. పుట్టిన ఎన్ని గంటలకు డాక్టరు చూసింది అన్నది పరిశోధకులకు కావాలి. ఒక సమయం లోంచి ఇంకో సమయం తీసేస్తే చాలు. వారం రోజుల పని అనుకున్నాను.

తీసేస్తే వచ్చినవి అర్థం లేని అంకెలు. పుట్టిన సమయాలు ఒక ఫైల్లో, డాక్టరమ్మ చూసిన సమయాలు ఇంకో ఫైల్లో టైపు చేశారు. ఏ దేశపు సమయమో చెప్పకపోతే సాఫ్టువేరు దాన్ని ఇంగ్లండు గ్రీనిచ్ సమయం అనుకుంటుంది. మన సమయానికి మార్చమంటే అయిదున్నర గంటలు కలుపుతుంది. ఒక ఫైలుకు కలిపింది, రెండోదానికి కలపలేదు. సాయంత్రం ఏడున్నరకు పుట్టిన పిల్ల మర్నాడు ఒంటిగంటకు పుట్టినట్టు వచ్చింది. ఇది నాకు తెలిసిన జబ్బే. రెండు ఫైళ్ళూ ఆదోనివే, వీటికి ఏమీ కలపద్దు, అని చెప్పి సరిచేశాను. కరెంటు వస్తూ పోతూ ఉంది. నడుము పట్టేసింది. అయినా రాత్రి డ్యూటీలో పుట్టిన చాలామంది పిల్లల లెక్క కుదరలేదు. డాక్టరమ్మ వాళ్ళను ఒక రోజు ఆలస్యంగా చూసినట్టే వస్తోంది.

నాకు ఇక ఓపిక లేకపోయింది. పట్టిక ఆ సాయంత్రానికల్లా పంపాలి. నాకు తెలిసిన తప్పులన్నీ సరిచేశాను, మిగిలింది నిజమే అయి ఉంటుందిలే, అని పంపేశాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. రాసిన మనిషి పదిహేను మెట్ల కింద కూర్చొని ఉంది, నేను ఒక్క మాట అడగలేదు.

నాలుగు రోజులకు పరిశోధకులు రాసిన చిత్తుప్రతి వచ్చింది. సరిచూడడానికి దాన్ని ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. ఖాలా గిన్నె కింద పెట్టడానికి చోటు చూస్తూ ఆ కాగితం తీసింది. ఆమెకు ఇంగ్లీషు చదవడం వచ్చు. రాత్రి పుట్టిన శిశువులను ఒక రోజుకు పైగా ఎవరూ డాక్టరుకు చూపించలేదనీ, రాత్రి సిబ్బంది నిర్లక్ష్యం దీనికి కారణం కావచ్చనీ అందులో ఉంది. రెండుసార్లు చదివింది. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చింది.

"రాత్రి సిబ్బంది అంటే యాడ సిబ్బంది బేటీ? నేనొక్కదాన్నే కదా" అంది.

నేను ఏదో చెప్పబోయాను. సాఫ్టువేరు, ఫైళ్ళు, గడువు. ఆమె వినకుండా మెట్లు దిగిపోయింది. ఆ తర్వాత సాయంత్రాలు ఉగ్గాని తమ్ముడి కోడలి చేతిలో వచ్చేది. ఖాలా పైకి రాలేదు. గిన్నె తెచ్చినది తెచ్చినట్టే ఉండేది.

ఆదివారం ఎమ్మిగనూరుకు పోయాను. పనేమీ లేదు, ఆ ఇంట్లో ఉండలేక పోయాను. అమ్మ రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతోంది. ఆమె పక్కన చాప మీద పడుకొని ఇదంతా చెప్పాను. పొద్దున నాలుక్కు పుట్టిన బిడ్డను మర్నాడు దాకా చూడలేదని వస్తోందమ్మా, అన్నాను.

"నువ్వు గూడ నాలుక్కే పుట్టినావు. సోమారం" అంది అమ్మ.

"సోమారం కాదుమా. సర్టిఫికెట్లో ఉన్న తేదీకి మంగళారమే పడతాది. నేను సూసినాను."

"తెల్లారకుండానే మంగళారం యాడ నుంచొస్తాది? సోమారం రాత్రి నాలుగ్గంటలకు పుట్టినావు. పొద్దు పొడిసినాక మంగళారమైంది. సర్టిఫికెట్టు రాసినోడు వచ్చి సూసినాడా?"

రాట్నం ఆపకుండానే చెప్పింది. నేను లేచి కూర్చున్నాను. మా ఇంట్లో, మా వీధిలో, నేను పుట్టినప్పటి నుంచి విన్న లెక్క ఇది. పొద్దు పొడిస్తేనే రోజు. నడిరాత్రి పన్నెండింటికి తేదీ మారుతుందని నేను బడిలో నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరాక ఇంకో లెక్క ఉండవచ్చని తోచనే లేదు. అమ్మ "అన్నం తినిపో" అని అరుస్తూనే ఉంది, నేను ఆదోని బస్సు కోసం పరిగెత్తాను.

ఖాలా మంచం మీద కూర్చొని తస్బీహు పూసలు తిప్పుతోంది. నేను చెప్పులు కూడా సరిగా విప్పకుండా అడిగాను. "ఖాలా, రాత్రిపూట రిజిస్టరులో తేదీ ఎట్ల రాసేదానివి?"

"ఎట్ల రాస్తారు? గోడ సూసి."

"గోడ మీద ఏముండె?"

"క్యాలెండరు. దినానికొక కాగితం ఉంటాదే, అది. టైము నా సేతి గడియారంది, తేదీ గోడది. రాత్రంతా ఒకదాని ఎనక ఒకటి కాన్పులు. పన్నెండు దాటిందా లేదా అని ఎవరికి గ్యాపకముంటాది? గోడ మీద ఏముంటే అదే రాస్తాంటిని."

"ఆ కాగితం సింపేది ఎవరు?"

"ఆస్పత్రి ఆయమ్మ. ఊడ్సి, నీళ్ళు సల్లి, పొద్దు పొడిసినాకనే సింపేది. మనం ముందు సెయ్యి పెడితే ఒప్పుకునేదే కాదు. తెల్లారకుండానే దినాన్ని సింపుతావా సిస్టరమ్మా అని తగులుకునేది."

డాక్టరమ్మ పొద్దున వచ్చి, తన డైరీ చూసి తేదీ వేసేది. ఆమె తేదీ కొత్తది, ఖాలా తేదీ పాతది. తెల్లవారుజామున నాలుక్కు పుట్టి, ఏడున్నరకు డాక్టరమ్మ చూసిన బిడ్డ, నా లెక్కలో ఒక రోజు దిక్కు లేకుండా పడి ఉంది. పైకి పోయి, నడిరాత్రి పన్నెండు నుంచి ఆరు మధ్య పుట్టిన వాళ్ళందరికీ ఒక రోజు కలిపాను. ఆలస్యాలన్నీ ఏడెనిమిది గంటల లోపలికి వచ్చి కూర్చున్నాయి. పరుగున కిందకు వచ్చి చెప్పాను. ఆమె సంతోషపడుతుందనుకున్నాను.

"ఆ పొద్దే నన్ను అడగాలనిపించలేదా నీకు?" అంది.

మంచం కోడు పట్టుకొని కూర్చుండిపోయాను. కాసేపటికి ఆమే, "టీ తాగుతావా?" అంది. ఆమె కోపం అంతవరకే, నా సిగ్గు మాత్రం అంతటితో పోలేదు.

పని అక్కడితో అయిపోలేదు. ఒక రోజు కలిపిన వాళ్ళలో కొందరు, పుట్టకముందే డాక్టరమ్మ చూసినట్టు వచ్చారు. ఏడాదికి ఒక నెలలో మాత్రమే ఈ గోల. ఆ నెల కూడా ఒకచోట నిలవదు, ఏటేటా పది పన్నెండు రోజులు ముందుగా వస్తుంది. ఇట్లాంటి తప్పు నేను ఎక్కడా చూడలేదు. రెండు రోజులు తలబద్దలు కొట్టుకున్నాను. ఈసారి బుద్ధి వచ్చింది కాబట్టి గిన్నె పట్టుకొని వచ్చిన ఖాలానే అడిగాను.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టి నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. "రంజాను బేటీ! ఆ నెల సెహరీ తినేకి నేనే లేస్తాంటిని. ఒకసారి రోజా మొదలైతే ఇంగ పాత దినమెట్ల? కాగితం నేనే సింపేస్తాంటిని. ఈ నెల నీది సిస్టరమ్మా అని ఆయమ్మ ఊరకుండేది."

అంటే రంజాను నెలలో, తెల్లవారకముందే సెహరీ తిని ఆమె ఉపవాసం పట్టిన తర్వాత పుట్టిన పిల్లలకు తేదీ సరిగానే పడింది. వాళ్ళకు నేను మళ్ళీ ఒక రోజు కలిపి పాడుచేశాను. ఆ నెలకు వేరే నియమం రాశాను. తలకిందులైన వాళ్ళందరూ సర్దుకున్నారు. అంతకుముందు ఏ తప్పూ లేకుండా ఉన్న ఒక్క వరస మాత్రం ఇప్పుడు బయటికి వచ్చింది. రంజాను నెల, పదమూడో తేదీ పొద్దున అయిదూ పదికి పుట్టిన బిడ్డ. డాక్టరమ్మ చూసింది పద్నాలుగున ఎనిమిదింటికి. ఇరవైనాలుగు గంటలు దాటినది మొత్తం రిజిస్టర్లలో ఇదొక్కటే.

ఖాలా కాళ్ళకు నూనె రాసుకుంటోంది. నేను తేలికగానే మొదలుపెట్టాను. "ఇంకొకటుంది. కోసిగి ఊరు, మగబిడ్డ, అయిదూ పది."

నూనె చేయి ఆగిపోయింది.

"ఆ పొద్దు కాగితం సింపేది మర్సిపోయింటావులే ఖాలా. దీనికి మాత్రం పాత లెక్కే ఉంచుతా. మూడు గంటల లోపల సూసినట్టు వస్తాది, ఎవరూ అడగరు."

"మర్సిపోలేదు. సింపినాను. నా సేత్తోనే."

తర్వాత చాలాసేపు గోడ వైపు చూస్తూ చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. "వాళ్ళు సుగ్గికి పోతాండ్రి, మిరపకాయ కోతకు. లారీలోనే నొప్పులొస్తే ఈడ దించినారు. అత్తా కోడలూ ఇద్దరే. బిడ్డ బాగా ఏడ్సినాడు. బాగుండాడు కదా అనుకున్న్యా. రోజా పట్టినాను, ఒళ్ళు తూలతాండె. డాక్టరమ్మకు సూపిచ్చాల్సిన పిల్లల పేర్లు సీటీ మీద రాసి పెట్టి పోవాల నేను. వాణ్ణి రాయకుండానే ఇంటికొచ్చి పండుకున్న్యా. సీటీలో ఉన్నోళ్ళను సూసి ఆమె పోయింది. సాయంత్రం నేను డ్యూటీకి వస్తే వాడు పాలు పట్టడం లేదు. డాక్టరమ్మ కర్నూలుకు పోయిండె. మర్నాడు వచ్చి సూసింది. మూడో దినం పొద్దున పోయినాడు. నువ్వు మొదటి దినమే సూపించినా ఇంతే సిస్టరమ్మా అన్నది ఆమె. నిజంగా అన్నదో, నాకోసం అన్నదో."

ఆమె ఏడవలేదు. ఆ బిడ్డ తల్లిని మళ్ళీ చూశావా, అని అడిగాను. చూడలేదని తల ఊపింది. బిడ్డ పోయిన మధ్యాహ్నమే వాళ్ళు ఇంకో లారీ ఎక్కి కోతకు పోయారట. నాకు ఆమె మీద ప్రేమ ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత, మూతపడిన ఆసుపత్రి రిజిస్టరులో ఒక్క గడి మారిస్తే ఎవరికి నష్టం? ఇంతకుముందు నేను చేసిన తప్పుకు ఇదే పరిహారం అనిపించింది.

"నేను మారుస్తాను ఖాలా. నీ మీద మాట రాకుండా పోతాది" అన్నాను.

"మారిస్తే వాడు పుట్టింది ఎప్పుడైతాది?"

"పద్నాలుగున."

"పోయింది పదహైదున కదా?"

వేళ్ళ కణుపుల మీద ఒకసారి లెక్కపెట్టుకుంది. నా ముఖంలోకి చూసింది.

"వాడు బతికిందే రెండు దినాలు బేటీ. అందులో ఒకటి నాకోసం తీసేస్తావా?"

ఆ వరసను ఉన్నది ఉన్నట్టు ఉంచి కొత్త పట్టిక పంపాను. రాత్రి సిబ్బంది గురించిన వాక్యాన్ని పరిశోధకులు తీసేశారు. ఆ సంగతి చెబితే ఖాలా సరేనంది. ఆ తర్వాత నెల కూడా తిరగకుండానే ఆమె పోయింది.

ఖననమైన మూడో రోజు మా టీం లీడరు ఫోన్ చేశాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆఖరి ప్రతి పంపడానికి ముందు ఒక సందేహం, అన్నాడు. "ఇరవైనాలుగు గంటలు దాటిన చోట ఒక్కటే ఉంది మేడమ్. ఇన్ని వేల వాటిలో ఒక్కటి. పాత రిజిస్టరు కదా, రాయడంలో తప్పనుకొని తీసేద్దామా? పట్టిక నీట్‌గా ఉంటుంది."

మూడు రోజులుగా నిద్ర లేదు. వచ్చేపోయే వాళ్ళకు టీలు అందించి కాళ్ళు పీకుతున్నాయి. సరే తీసెయ్యండి, అనడం ఎంత సులువో నాకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చిందని ఒప్పుకుంటున్నాను.

"అది తప్పు కాదు. ఉండనివ్వండి" అన్నాను.

"అంత కచ్చితంగా ఎట్లా తెలుసు మేడమ్?"

"రాసినామె చెప్పింది."

"అయితే ఆమె నంబరు ఇస్తారా? ఒకసారి మాట్లాడితే నోటు రాసుకోవచ్చు."

"ఆమె పోయింది" అన్నాను. "సారీ మేడమ్. సరే, ఉంచేద్దాం" అని పెట్టేశాడు.

ఫైలు తెరిచి ఆ వరస దగ్గరకు పోయాను. రిజిస్టరులో ఆ బిడ్డకు పేరు లేదు. పెట్టేంత సమయం వాళ్ళకు దొరకలేదు. ప్రోగ్రామును మొదటి నుంచి ఇంకోసారి నడిపించాను. ఊరి గడిలో కోసిగి అని, పక్క గడిలో మగ అని, చివర బతికిన రోజులు అన్న గడిలో రెండు అని వచ్చింది. కింద తమ్ముడి కోడలు ఎవరికో టీ పోస్తున్న చప్పుడు వినబడుతోంది. నేను ఆ అంకె మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నాను.